దేవుడి చేను

1732 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం. శాక్సనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊరు. అప్పటికి ఆ ఊరి వయసు పదేళ్లు. తెల్లవారక ముందే పెళ్లికాని యువకులు కొందరు పక్కనున్న హూట్‌బెర్గ్ కొండెక్కారు. ఊరి సమాధుల తోట అక్కడే. సమాధుల మధ్య నిలబడి పాటలు పాడుకున్నారు. పొద్దు పొడిచింది. జరిగింది ఇంతే. ఈస్టర్ సూర్యోదయ ఆరాధనల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఈ తెల్లవారుజాము నుంచే మొదలుపెడతారు.

నన్ను ఆపేసింది ఆ చోటు. పండగ పూట, అదీ మరణం ఓడిపోయిందని చెప్పుకునే పండగ పూట, చనిపోయినవాళ్ల దగ్గరికి ఎందుకు వెళ్లారు?

వాళ్లలో చాలామంది శరణార్థులు. 1415లో యాన్ హుస్‌ని సజీవ దహనం చేశాక బొహీమియా, మొరావియాల్లో ఆయన దారిలో నడిచినవాళ్ల వారసులు. 1620 తర్వాత అక్కడ వాళ్ల మతాన్ని నిషేధించారు. కొందరు దేశం వదిలారు, కొందరు తరాల పాటు రహస్యంగా నిలబెట్టుకున్నారు. 1722లో కొన్ని కుటుంబాలు సరిహద్దు దాటి వచ్చి జిన్‌జెన్‌డార్ఫ్ అనే యువ జమీందారు భూమిలో ఇళ్లు కట్టుకున్నాయి. అలా పుట్టిన ఊరు హెర్న్‌హూట్. వాళ్లు వదిలేసి వచ్చినవి ఇళ్లూ పొలాలే కాదు, తాతముత్తాతల సమాధులు కూడా. కొత్త ఊళ్లో మనిషిని పాతిపెట్టిన రోజే ఆ నేల వాళ్లదయింది.

1730లో మొదలైన ఆ తోటను వాళ్లు గోట్టెస్‌ఆకర్ అన్నారు. ఈ జర్మన్ మాట వాళ్లకంటే పాతదే. ఆకర్ అంటే దున్ని విత్తే పొలం. మన మాటల్లో దేవుడి చేను. కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరంలో పౌలు శవాన్ని విత్తనంతో పోల్చాడు; ఆ పోలికే ఇక్కడ స్థలం పేరయింది. విత్తనాన్ని మట్టిలో కప్పిన రైతు దాన్ని పోగొట్టుకున్నానని అనుకోడు. అలాగని చేను వైపు వెళ్లకుండానూ ఉండలేడు.

ఈ రెండో సంగతి నాకు ముఖ్యం. మా అమ్మ పోయినప్పుడు ఆదరణ కూడికకు వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒకటే మాట చెప్పారు: ఏడవకూడదు బాబూ, అమ్మ ప్రభువునందు నిద్రించింది. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నా ఏడుపు నా అవిశ్వాసానికి సాక్ష్యంలా అనిపించేది. ఆ తర్వాత చాలా నెలలు ఆ విషయమే చదివాను. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని సమాధి దగ్గర ఏడ్చాడు. పునరుత్థానాన్ని మొదట చూసిన మగ్దలేనే మరియ, యోహాను సువార్త ప్రకారం, అప్పటిదాకా సమాధి బయట ఏడుస్తూనే ఉంది. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు పౌలు. దుఃఖమే వద్దనలేదు. ఈ తేడాను హెర్న్‌హూట్ వాళ్లు అలవాటుగా మార్చుకున్నారు. నేను వాళ్ల చరిత్రలోకి వెళ్లింది అందుకే.

వాళ్ల ఈస్టర్ ఉదయపు ప్రార్థనలో ఒక మనవి ఉంటుంది. కిందటి ఈస్టర్ నుంచి ఈ ఈస్టర్ దాకా ఎవరైతే పోయారో వాళ్లతో మా సహవాసం తెగిపోకుండా ఉంచమని. చనిపోయినవాళ్లందరి గురించీ కాదు, ఈ ఏడాది పోయినవాళ్ల గురించి. గాయం ఇంకా పచ్చిగా ఉన్న ఇంటివాళ్లు ఆ గుంపులో ఎక్కడో నిలబడి ఉంటారని తెలిసి రాసిన వాక్యం అది. జిన్‌జెన్‌డార్ఫ్‌కీ అది తెలుసు. ఆయనకూ, భార్య ఎర్డ్‌ముతె డొరొథెయాకూ పన్నెండుమంది పిల్లలు పుడితే నలుగురే పెద్దవాళ్లయ్యారు. ఆ నలుగురిలో ఒక్కగానొక్క కొడుకు క్రిస్టియన్ రెనాటుస్ 1752లో లండన్‌లో పోయాడు. ఇరవై నాలుగేళ్లు.

సాహిత్యం చదివేవాళ్లు తప్పక గమనించాల్సింది వాళ్ల మరో ఆచారం, లేబెన్స్‌లౌఫ్. అంటే జీవిత కథ. సంఘంలో ఎవరి కథ వాళ్లు రాసుకునేవాళ్లు, లేదా చెప్పి రాయించేవాళ్లు. అంత్యక్రియల రోజు దాన్ని అందరి ముందు చదివేవాళ్లు. చివరి రోజుల సంగతి ఎవరూ తమకు తాము రాసుకోలేరు కదా, ఆ భాగాన్ని ఇంట్లోవాళ్లో పాస్టరో పూర్తిచేసేవాళ్లు. 'నేను' అని నడుస్తున్న కథ ఒకచోట ఆగి 'ఆమె' అని మొదలవుతుంది. వడ్రంగులు, పనివాళ్లు, మిషనరీల భార్యలు, అమెరికాలోని బెత్లెహేములో ఆఫ్రికా నుంచి బానిసగా వచ్చిన మగ్దలీన్ అనే స్త్రీ, ఇలా వేల కథలు వాళ్ల భాండాగారాల్లో ఉన్నాయి. తిరిగి లేస్తుందని నమ్మిన శరీరానికి ఒక కథ ఉండాలని కూడా వాళ్లు నమ్మారు.

ఆ తోటలో రాళ్లు నేలకు ఆనించి పడుకోబెట్టి ఉంటాయి. ధనికుడికీ పేదకీ ఇంచుమించు ఒకటే కొలత. కుటుంబాల వారీగా కాకుండా స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు, పోయిన వరసలో. అయితే జిన్‌జెన్‌డార్ఫ్ కుటుంబం సమాధులు మాత్రం తోట నడిమధ్య, ఎత్తుగా, పెద్దవిగా ఉన్నాయి. జమీందారీ అక్కడికీ వచ్చింది. ఇంకా చేదు సంగతి నార్త్ కరోలినాలోని సేలంలో జరిగింది. అక్కడి మొరావియన్లు 1772 నుంచి ఈస్టర్ సూర్యోదయ ఆరాధన చేస్తున్నారు. మొదట్లో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ ఒకే తోటలో పాతిపెట్టారు. 1816లో నల్లవాళ్ల శవాలకు వేరే స్థలం చూపించారు. 1913లో వాళ్ల సమాధి రాళ్లను తీసేసి చర్చి కింద పడేశారు. అందరూ కలిసే లేస్తారని ప్రతి ఈస్టర్‌కీ పాడుతూనే!

ఇది చదివి మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. మన ఊళ్లలో శ్మశానాలకీ కులం ఉంది, క్రైస్తవుల సమాధుల తోటలకీ ఉంది. దళితుడి శవాన్ని మోసుకెళ్లడానికి దారి కోసం గొడవపడే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. శ్మశానంలోనైనా అంటరానితనం ఉండదని జాషువా రాసిన పద్యాలను నాటకాల్లో విని చప్పట్లు కొట్టిన ఊళ్లే అవి.

హెర్న్‌హూట్ పేరు వినని మన పల్లెల్లో కూడా క్రైస్తవులు ఈస్టర్‌కి ముందే సమాధులకు సున్నం వేస్తారు. చీకటి ఉండగానే పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని వెళ్తారు. కొందరు పాడతారు, కొందరు రాయి మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంటారు. ఏడ్చేవాళ్లను ఆ ఒక్క పూటా ఎవరూ ఆపరు. మా అమ్మ పోయిన తర్వాత వచ్చిన ఈస్టర్‌కి నేనూ వెళ్లాను. నాకు అక్కడ జవాబేమీ దొరకలేదు. మనుషులు దొరికారు. ఆ ఏడాదే భర్తనూ బిడ్డనూ పాతిపెట్టినవాళ్లు నా పక్కనే కొవ్వొత్తి ఆరిపోకుండా చెయ్యి అడ్డంపెట్టి నిలబడ్డారు.

పునరుత్థానాన్ని చరిత్ర రుజువు చెయ్యలేదు. దాన్ని నమ్మినవాళ్లు తమ దుఃఖంతో ఏం చేశారో మాత్రం చూపించగలదు. గదిలో ఒంటరిగా మోయాల్సిన దాన్ని వాళ్లు చీకట్లో కొండ మీదికి తెచ్చుకున్నారు, పదిమందితో కలిసి తూర్పుకి తిరిగి నిలబడ్డారు. అమ్మ తిరిగి లేస్తుందని నేను నమ్ముతున్నాను. ఏడవకుండా ఉండటం ఆ నమ్మకానికి షరతు కాదని 1732 నాటి ఆ యువకుల దగ్గర నేర్చుకున్నాను. ఆ రోజు ఎవరెవరి పక్కన లేస్తామో ఇప్పుడే ఎంచుకోబోయే సంఘానికి ఆ పాట పాడే హక్కు లేదని సేలం నేర్పింది.