కపిల నుంచి బోరు దాకా: పెరియకుళం బావుల పుట్టుపూర్వోత్తరాలు

పెరియకుళం తమిళనాడులో పడమటి కనుమల చాటున ఉన్న ఊరు. నైరుతి వాన చాలావరకు కేరళ వైపే కురిసిపోతుంది. ఈ పక్కకు ముఖ్యంగా దక్కేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్యపు వాన. కొడైకానల్ కొండల్లో పుట్టిన వరాహనది ఊరి మీదుగా సాగి వైగైలో కలుస్తుంది. వైగై పొడవు 258 కిలోమీటర్లు. ఏడాదిలో చాలా నెలలు అందులో ఇసుకే కనిపిస్తుంది. ఏటిని నమ్ముకుని మూడు కార్లూ బతకడం కుదరని ఇలాంటి చోట సేద్యం చెరువు మీద, బావి మీద నిలబడింది.

తెలుగువాళ్లు ఇక్కడికి గుంపులుగా వచ్చింది విజయనగర, మదురై నాయకుల కాలంలో. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు ఏర్పరిచిన పాళెగాళ్ల వ్యవస్థ గుర్తు బోడినాయకనూరు, గంటమనాయకనూరు పేర్లలో నేటికీ ఉంది. కాలువ కింది వరిమళ్లలో అప్పటికే పాతకాపులు ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఎక్కువగా మిగిలింది మెట్ట. వాళ్లు వదిలివచ్చిన సీమలూ చాలావరకు మెట్టవే కాబట్టి బావి తవ్వడం, నీళ్లు తోడడం వాళ్లకు కొత్త కాదు.

తోడే పనిముట్టు కపిల. తమిళులు కమలై అంటారు. బావి గట్టున గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర తోలు బాన, బాన అడుగున తోలు తొండం. ఎద్దుల జత వాలుబాటలో కిందికి నడిస్తే బాన పైకి లేస్తుంది. గట్టు దాకా రాగానే సన్నతాడు తొండాన్ని లాగి తొట్టిలో నీళ్లు వదిలేస్తుంది. ఎద్దులు వెనక్కి నడుస్తూ వాలు ఎక్కుతాయి, బాన మళ్లీ దిగుతుంది. ఎద్దు అలసినప్పుడు తోడడం ఆగేది. ఆ విరామంలో బావి ఊరేది. ఎవరూ రాసి పెట్టని ఆ కొలతే భూగర్భ జలానికి కాపలాగా నిలిచిందని నా నమ్మకం.

ఆ కొలత చెరిగిపోవడంలోనూ తెలుగువాళ్ల చేయి ఉంది. 1930లలో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు వచ్చింది. అక్కడి తెలుగువాడు డి. బాలసుందరం నాయుడు 1937లో దేశవాళీ విద్యుత్ మోటారు తయారు చేశాడు. ఆ ఊరు పంపుసెట్ల తయారీకి దేశంలోనే పేరుమోసిన కేంద్రమైంది. మోటారు మెట్టపొలాలకు అన్నం పెట్టింది, ఎద్దుల మెడలకు విశ్రాంతి ఇచ్చింది. ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే మోటారుకు అలసట లేదు. రైతుకు కరెంటు ఉచితమయ్యాక దాన్ని ఆపవలసిన అవసరమూ తగ్గింది.

ఈ నేల అడుగున ఉన్నది గట్టి రాయి. నీరు నిలిచేది పైన చివికిన పొరలో, దాని కింది పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. బోరు ఎంత దించినా కొత్త నీరు పుట్టదు, పక్క పొలం బావిలోని నీరే ఇటు జారుతుంది. ఆ పొరను నింపేది వాన, ఏరు, చెరువు. చేతిలో బోరు ఉందనే ధీమాతో చెరువు పూడికను పట్టించుకోకపోతే చివరికి ఎండేది ఆ బోరే.

బోరుకూ తోడే హద్దు ఉండవచ్చు. పడమటి ఆఫ్రికాలోని వోల్టా నది పరీవాహకంలోనూ చాలా మేర ఇలాంటి రాతినేలే. అక్కడ బోర్ల నీరు ప్రధానంగా పల్లెల దాహం తీరుస్తుంది. మన దేశంలో రూపొందిన ఇండియా మార్క్ టూ చేతిపంపు ఆఫ్రికా పల్లెలకూ చేరింది. చేతిపంపుకు ఎద్దుకున్న గుణమే ఉంది: తోడే ఒంటి బలమే దాని హద్దు.

పెరియకుళం చుట్టుపక్కల పెద్ద కట్టడాలు లేకపోలేదు. పడమటికి పారే పెరియార్ నీటిని 1895లో ఇంజనీరు పెన్నీక్విక్ కొండ తొలిపించి వైగై వైపు మళ్లించాడు. 1959లో వైగై ఆనకట్ట పూర్తయింది. దాని కింద మునిగిన ఊళ్ల గోడు కవి వైరముత్తు నవలకు వస్తువైంది. కానీ కాలువ ఎక్కని మెట్టకు నేటికీ దిక్కు బావే.

భూగర్భ జలాల కోసం ఆంధ్రప్రదేశ్ 2002లో వాల్టా చట్టం తెచ్చింది. తమిళనాడు 2003లో చేసిన చట్టం అమలుకు నోచుకోకుండానే 2013లో రద్దయింది. చట్టం మాట ఎలా ఉన్నా పెరియకుళం రైతు చేతిలో ఉన్న పని ఒకటుంది. మరో బోరుకు అప్పు చేసే ముందు పైనున్న చెరువు పూడిక తీయించండి, వాగు నీటిని అందులోకి మళ్లించండి.