దోనె అదే, కథ కొత్తది

2023 జనవరి నెలాఖరులో ఈబేలో ఒక వింత సరుకు అమ్మకానికి వచ్చింది. సీసాల్లో పట్టిన నీళ్లు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో ‘స్ప్లాష్ మౌంటెన్’ అనే రైడ్ కాలువలోంచి ముంచి తెచ్చిన నీళ్లని అమ్మకందార్లు రాసుకున్నారు. జనవరి 22 ఆ రైడ్‌కి ఆఖరి రోజు. గంటల తరబడి వరుసలో నిలబడి చివరిసారి ఎక్కి దిగినవాళ్లలో కళ్లు తుడుచుకున్నవాళ్లూ ఉన్నారు. కొండ పడగొట్టడం లేదు, కాలువ పూడ్చడం లేదు. ఆ కాలువ పొడుగునా చెప్పే కథ ఒక్కటే మారబోతోంది. అంత మాత్రానికే అంత దుఃఖమా అనిపించవచ్చు. కానీ ఆ దుఃఖం నిజమైనది. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి, అడవుల్లోకి వెళ్లాలి.

హైదరాబాద్‌లోని మా సంతోష్‌నగర్‌కీ ఆ కొండకీ చుట్టరికం ఉంది. ఇక్కడి ఏ కాలనీ తీసుకున్నా అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. అమ్మానాన్నల్ని పిలిపించుకున్న పిల్లలు వాళ్లను డిస్నీకి తీసుకెళ్లకుండా తిప్పి పంపరు. పడవ నిట్టనిలువు జారుడులో పడే క్షణంలో అక్కడి కెమెరా ఒక ఫొటో తీస్తుంది. మా వీధిలో ఒకరింట్లో టీవీ పక్కనే ఉందది. ముందు సీట్లో మనవరాలు చేతులు పైకెత్తి అరుస్తుంటే, వెనక పెద్దమ్మ చీర కొంగు తలచుట్టూ బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని, ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉంటుంది. రైడ్ మారిందని మనవరాలు చెప్పినప్పుడు పెద్దమ్మ అడిగిన మాట ఇది: “మరి గా కుందేలు యాడికి పోయింది బిడ్డా?”

ఈ రైడ్‌ను లాగ్ ఫ్లూమ్ అంటారు. దుంగ ఆకారంలో ఉండే పడవ నీటి దోనెలో తేలుతూ వెళ్లి, చివర ఎత్తునుంచి కిందికి దూకుతుంది. వినోదానికి ముందు ఇది పనిముట్టు. 19వ శతాబ్దంలో అమెరికా పడమటి కొండల్లో నరికిన కలపను బండ్ల మీద దించడం తలకు మించిన పని. నెవాడాలో వర్జీనియా సిటీ దగ్గర వెండి గనులు అడవులకు అడవులే మింగేస్తున్నాయి. సొరంగం కూలకుండా లోపలంతా దూలాలతో గదులు గదులుగా కట్టాలి మరి. అందుకని కొండమీంచి మైదానం దాకా చెక్క దోనెలు కట్టి, వాటిలో నీళ్లు పారించి, కలపను తేలగొట్టేవారు. పెట్టె ఆకారపు దోనెల్లో దుంగలు అడ్డంపడి ఇరుక్కునేవి. 1860ల చివర్లో జె.డబ్ల్యు. హైన్స్ రెండు పలకల్ని ఏటవాలుగా కలిపి, అడుగున సన్నగా ఉండే దోనె వాడుకలోకి తెచ్చాడు. అందులో దుంగ ఆగిందంటే వెనక నీళ్లు నిండి దాన్నే పైకెత్తి తోసేస్తాయి. కాలిఫోర్నియాలో కింగ్స్ నది దోనె సాంగర్ ఊరి దాకా 54 మైళ్లు సాగింది. దారిపొడుగునా చిన్న గుడిసెల్లో కాపరులుండి, ఇరుక్కున్న చెక్కల్ని కొక్కేలతో విడిపించేవారు.

దోనెలో మనిషి కూడా జారవచ్చని లోకానికి తెలిసింది 1875లో. వెండి గనుల కోటీశ్వరులు జేమ్స్ ఫ్లడ్, జేమ్స్ ఫెయిర్ తమ కొత్త దోనెను చూపించడానికి న్యూయార్క్ ట్రిబ్యూన్ విలేకరి రామ్స్‌డెల్‌ను వెంటబెట్టుకుని, పందుల తొట్టి లాంటి పడవల్లో కొండమీంచి దిగారు. 15 మైళ్లు సుమారు 35 నిమిషాల్లో దిగిపోయారు. పడవలు గుద్దుకున్నాయి, వెంట వచ్చిన వడ్రంగి నీళ్లలోకి విసిరేసినట్టు పడ్డాడు. గని మొత్తం రాసిచ్చినా మళ్లీ ఎక్కనన్నాడట ఫ్లడ్.

మనకిది పరాయి కథేం కాదు. శబరి, సీలేరు, గోదావరి నీళ్ల మీద టేకు దుంగలు, వెదుళ్లు తెప్పలు కట్టి భద్రాచలం వైపునుంచి రాజమండ్రికి దించేవారు. దోనె కట్టే పనిలేదు, నదే దోనె. పాపికొండల మధ్య గోదావరి ఇరుకైన చోట, సుడిగుండాలున్న చోట, ఇసుక మేటవేసిన చోట తెప్పను గడకర్రతో తప్పించడం ప్రాణాలతో చెలగాటం. పర్యాటక బోటులో కూర్చుని కొండల్ని ఫోన్లో పట్టుకునే మనకు ఆ నీటి మీద అంత కలప దిగిందన్న సంగతి గుర్తుండదు. ఈ ముక్క మళ్లీ అవసరం పడుతుంది.

కూలి పని వినోదంగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1884లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్ ఐలండ్‌లో అడుగు చదునుగా ఉన్న పడవను ఏటవాలు బల్ల మీంచి నదిలోకి జార్చే ఆట పెట్టారు. 1895లో కెప్టెన్ పాల్ బాయ్టన్ న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో సీ లయన్ పార్కు తెరిచి, అలాంటి జారుడునే ప్రధాన ఆకర్షణ చేశాడు. చుట్టూ కంచె వేసి, గేటు దగ్గరే టికెట్టు పుచ్చుకునే పద్ధతి అక్కడ స్థిరపడింది. ఈనాటి పార్కులన్నిటికీ అదే మూలం. అయితే దుంగ పడవ, వంకర దోనె, చివరి దూకుడు మూడూ కలిసి ఇప్పటి రూపం వచ్చింది మాత్రం 1963లో. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో సిక్స్ ఫ్లాగ్స్ పార్కుకోసం ఆరో డెవలప్‌మెంట్ కంపెనీ ‘ఎల్ అసెరడేరో’ అనే రైడ్ కట్టింది. డాలస్ తెలుగువాళ్లు వారాంతాల్లో పిల్లల్ని తీసుకెళ్లే పార్కే అది.

దాని పనితనం ఎంత సులువో అంత గొప్పది. పడవకు ఇంజను ఉండదు. పెద్ద పంపులు కింది చెరువులోని నీటిని పైకి తోడి దోనెలో వదులుతాయి, ఆ పారే నీరే పడవను నెడుతుంది. ఎత్తు ఎక్కాల్సిన చోట బెల్టు అందుకుంటుంది. శిఖరం దాటాక భూమి ఆకర్షణే లాగుతుంది. కింద నిలవ నీటిలోకి పడవ ముక్కు దూసుకుపోగానే నీరు అడ్డం లేచి దాని వేగాన్ని మింగేస్తుంది. అంటే మనల్ని తడిపే ఆ చిమ్ముడే బ్రేకు. చూసేవాళ్లకు అది సరదా, కట్టినవాళ్లకు లెక్క.

1969 జూలైలో కాలిఫోర్నియా నాట్స్ బెర్రీ ఫామ్‌లో బడ్ హర్ల్‌బట్ ఈ దోనెను ఒక కృత్రిమ పర్వతం లోపలినుంచి తిప్పాడు. కలప కోసే కూలీలు, రంపపు మిల్లు, అడవి జంతువులు దారిలో కనిపిస్తాయి. మొదటి రోజు ఎక్కినవాళ్లలో నటుడు జాన్ వేన్ ఒకడు. అప్పటినుంచి ఈ రైడ్ వట్టి జారుడు కాకుండా కథ చెప్పే వాహనమైంది.

డిస్నీలో రైడ్లు రూపొందించే టోనీ బాక్స్‌టర్‌కు 1983లో ఇలాంటి ఆలోచనే వచ్చింది. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో జనం పెద్దగా తొక్కని మూల ఒకటుంది. ‘అమెరికా సింగ్స్’ అనే పాత ప్రదర్శనలో పాటలు పాడే యంత్ర బొమ్మలు పదుల కొద్దీ ఉన్నాయి. నాట్స్‌లో లాగ్ ఫ్లూమ్‌కు జనం విరగబడుతున్నారు. మూడింటినీ ముడివేసి, 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ సినిమాలోని బ్రేర్ ర్యాబిట్ అనే గడుసు కుందేలు కథను అద్దాడు. 1989 జూలై 17న స్ప్లాష్ మౌంటెన్ తెరుచుకుంది. చివరి దూకుడు 50 అడుగుల పైచిలుకు. 1992లో ఫ్లోరిడాకూ టోక్యోకూ వెళ్లింది. పాత బొమ్మలకు కొత్త వేషం కట్టి పుట్టిన రైడ్ అన్నమాట. దాని వేషం మార్చకూడదని వాదించడానికి దాని పుట్టుకే అడ్డు వస్తుంది.

అసలు చిక్కు సినిమాలో ఉంది. కుందేలు, నక్క, ఎలుగుబంటి కథలు జార్జియాలో బానిసలుగా బతికిన నల్లవాళ్లవి. బాల్యంలో ఒక ప్లాంటేషన్‌లో అచ్చు పని నేర్చుకుంటూ వాటిని విన్న జోయెల్ చాండ్లర్ హారిస్ అనే తెల్ల పాత్రికేయుడు పుస్తకంగా వేశాడు. సినిమా వాటిని తీసుకుని, తోట యజమానుల లోగిలిలో నల్లవాళ్లు హాయిగా పాడుకుంటూ బతికారన్న భ్రమ కల్పించింది. నల్లవారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ విడుదల నాడే అభ్యంతరం చెప్పింది. ముఖ్యపాత్ర వేసిన జేమ్స్ బాస్కెట్‌కు తర్వాత గౌరవ ఆస్కార్ ఇచ్చారు. కానీ వర్ణవివక్ష అమల్లో ఉన్న అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు ఆయన వెళ్లలేకపోయాడు. ఈ ఒక్క సంగతి చాలు. 1986 తర్వాత డిస్నీ ఆ సినిమాను అమెరికాలో థియేటర్లకు తేలేదు, వీడియోగా అమ్మలేదు. సినిమాను బీరువాలో దాచి, దాని పాటను మాత్రం కొండలో మోగిస్తూ 30 ఏళ్లు గడిపింది.

ఇక్కడ మనవాళ్లు ఆసక్తిపడే ముచ్చట ఒకటి. ఆ కుందేలు కథల్లో పేరున్నది తారు బొమ్మ కథ. కుందేలు దాన్ని కొట్టిన చెయ్యి అతుక్కుంటుంది, తన్నిన కాలు అతుక్కుంటుంది. మన జాతక కథల్లో పంచాయుధ జాతకం చూడండి. తక్షశిలలో చదువు ముగించుకుని వస్తున్న రాజకుమారుడు జిగురు రోమాల యక్షుణ్ని బాణాలతో, కత్తితో కొడితే అన్నీ అతుక్కుపోతాయి. తర్వాత చేతులు, కాళ్లు, చివరికి తల. 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ జేకబ్స్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, తారు బొమ్మ మూలం భారతదేశమని వాదించాడు. ఆఫ్రికాలోనే పుట్టిందనేవాళ్లు చాలామంది. ఎవరి మాట నెగ్గినా ఆ కథ హారిస్‌దీ డిస్నీదీ కాదని మాత్రం తేలుతుంది. రైడ్ కట్టేటప్పుడే తారు బొమ్మను తీసేసి తేనెను పెట్టారు. ఇబ్బంది ఉందని 1989 నాటికే తెలుసన్నమాట.

2020 జూన్ 25న డిస్నీ ప్రకటించింది: కుందేలు స్థానంలో టియానా వస్తుంది. 2009లో వచ్చిన ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’ నాయిక, డిస్నీ తొలి నల్ల రాకుమారి. న్యూ ఆర్లియన్స్‌లో హోటల్ పెట్టాలని కష్టపడే అమ్మాయి. ఆమె పాత్రకు స్ఫూర్తి ఆ ఊళ్లో డూకీ చేజ్ రెస్టారెంట్ నడిపిన వంట మనిషి లియా చేజ్. మార్చమని ఒక పిటిషన్, మార్చొద్దని ఇంకొకటి. ఫ్లోరిడాలో 2024 జూన్ 28న, కాలిఫోర్నియాలో అదే ఏడాది నవంబర్ 15న ‘టియానాస్ బేయూ అడ్వెంచర్’ తెరుచుకుంది. టోక్యోలో కుందేలు కొనసాగింది.

ఈ నాలుగేళ్లూ అభిమానులు ఏం కోరుకున్నారో చూస్తే వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. జారుడు తగ్గించొద్దన్నారు, తగ్గించలేదు. పాత బొమ్మల కంటే కొత్తవి బాగా కదలాలన్నారు. ఆ విషయంలో మెప్పు దక్కింది. సంగీతం ఆ ఊరిదే కావాలన్నారు. న్యూ ఆర్లియన్స్ సంగీతకారులు టెరెన్స్ బ్లాంచర్డ్, పీజే మోర్టన్‌లను పిలిపించారు. వరుసలో నిలబడ్డవాళ్ల ముక్కుకు బెన్యే అనే అక్కడి పిండివంట వాసన తగిలే ఏర్పాటు కూడా చేశారు. కానీ అందరూ ఎదురుచూసిన ప్రతినాయకుడు, మంత్రగాడు ఫెసిలియే రాలేదు. కథ సినిమా ముగిశాక మొదలవుతుంది. మార్డిగ్రా పండగ విందుకు వాయిద్యగాళ్లు తక్కువపడ్డారని టియానా అడవిలో వెతుకుతుంది. కుందేలు కథలో పడవ దూకే ముందు నక్క చేతిలో ప్రాణం పోతుందన్న భయం ఉండేది. కొత్త కథలో అంత ఎత్తునుంచి దూకడానికి అంత బలమైన కారణం లేదు. ఈ ఫిర్యాదు న్యాయమైనదని నా అభిప్రాయం. మార్చడం తప్పు కాదు, అది జరగవలసిందే. జాగ్రత్తపడి కథలో కారాన్ని తగ్గించడమే తప్పు. అవమానం తీసేయాలి గానీ అపాయం తీసేయనక్కర్లేదు. 2013లో నాట్స్ వాళ్లు తమ పాత కొండను బాగుచేసినప్పుడు కలప కూలీల కథను అలాగే ఉంచి, బొమ్మల్ని కొత్తవి చేశారు. పాతవాళ్లూ మెచ్చారు.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాదీలకు రైడ్ అంటే మొదట నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్. తర్వాత 2016 ఏప్రిల్‌లో రావిర్యాలలో వండర్‌లా వచ్చింది. సంతోష్‌నగర్‌నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే దగ్గరే. ఈ సంస్థ తొలి పార్కు 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో పుట్టి, తర్వాత వండర్‌లాగా మారింది. పేరు మారిందని ఎవరూ నీళ్లు సీసాలో పట్టుకోలేదు. కారణం స్పష్టమే. మన రైడ్లలో ఎత్తుంది, వేగముంది, కథ లేదు. కథ లేనిచోట పోగొట్టుకునేదీ ఉండదు. కథ ఉన్న ప్రయత్నం ఒకటి 2013లో ముంబై, పుణె మధ్య ఖోపోలీలో తెరిచిన ఇమాజికా చేసింది. గుజరాత్‌లో దొరికిన రాజాసారస్ అనే డైనోసార్ పేరుతో అక్కడొక నీటి రైడ్ ఉంది. మనకు గోదావరి లోయలోనే యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ ఉంది. దాని అస్థిపంజరం బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. బడి పిల్లలు చూసి వస్తారు, అక్కడితో సరి.

నన్నడిగితే మన లాగ్ ఫ్లూమ్‌కు తగిన కథ గోదావరి తెప్పలదే. కానీ అందులో డిస్నీ పడిన గోతే మనకోసమూ ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం కోయలు, కొండరెడ్ల పోడును కట్టడి చేసింది. ఘాట్ రోడ్ల మీద వాళ్లచేత వెట్టి చేయించారు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీదికి నడిచింది. ఇవన్నీ చెరిపేసి, తెప్ప మీద గిరిజన బొమ్మలు నవ్వుతూ పాడుతున్నట్టు పెడితే అది మన ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ అవుతుంది. అది వద్దు. అపాయానికి ఇక్కడ లోటేముంది? సుడిగుండం ఉంది, అటవీ గార్డు ఉన్నాడు, ముంచుకొచ్చే వరద ఉంది.

ఈ ఊళ్లో రేపు ఎవరైనా అలాంటి రైడ్ కట్టేట్టయితే నా విన్నపం ఇది. బొమ్మల ఆర్డరు పెట్టేముందు పోలవరం, కూనవరం, చింతూరు వెళ్లండి. తెప్పల కాలం తెలిసిన కుటుంబాలను కూర్చోబెట్టి అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల పేర్లతోనే గేటు దగ్గర రాయించండి. తడిసి దిగిన పిల్లలు దాన్ని చదువుతారు.