పందెపు మైదానములో బీరు డబ్బా

అమెరికాలోని ఇండియానా రాష్ట్రములో ఇండియానాపొలిస్ అను నగరము కలదు. ప్రతి సంవత్సరము మే నెల చివరి దినములలో అక్కడ 500 మైళ్ల మోటారు కార్ల పందెము జరుగును. రెండున్నర మైళ్ల చుట్టుకొలతగల బాటపై కార్లు 200 సార్లు తిరుగవలెను. చూడవచ్చిన జనము ఎండలో గంటల తరబడి కూర్చుండవలసియుండును. కనుక తినుబండారములను, చల్లని పానీయములను పెట్టెలలో సర్దుకొని వెంట తెచ్చుకొందురు. ద్వారమువద్ద మాత్రము ఒక నియమమున్నది. గాజుసీసా లోనికి పోరాదు. వేలకొలది జనము క్రిక్కిరిసినచోట ఒక్క సీసా పగిలినను ఎవరి కాలికో గుచ్చుకొనును. అందుచేత బీరు తెచ్చుకొనువారు రేకు డబ్బాలలోనే తెచ్చుకొందురు.

ఈ పందెపు బాటను నిర్మించినది 1909లో. బీరును రేకు డబ్బాలో నిలువచేయవచ్చునా అని అమెరికన్ క్యాన్ కంపెనీ ప్రయోగము చేసినదియు 1909లోనే. బాట ఆ ఏడే సిద్ధమైనది, కార్లు పరుగెత్తినవి. డబ్బా అంగడికి వచ్చుటకు మాత్రము మరి 26 ఏండ్లు పట్టినది. పండ్లు, చేపలు, మాంసము అప్పటికే నూరేండ్లుగా డబ్బాలలో భద్రముగా నిలువయుండుచుండగా, బీరు మాత్రము డబ్బాకు ఏల లొంగలేదు? ఈ ప్రశ్నకు సమాధానము పదార్థవిజ్ఞానములోను, రసాయనశాస్త్రములోను కలదు.

కళాయి పూసిన రేకు

1795లో ఫ్రెంచి ప్రభుత్వము ఒక బహుమానమును ప్రకటించినది. సైన్యము కొరకు ఆహారమును చెడకుండ నిలువచేయు మార్గము చూపినవారికి 12,000 ఫ్రాంకులు! నికొలాస్ అప్పేర్ అను మిఠాయిల తయారీదారు ఏండ్ల తరబడి శ్రమించి, ఆహారమును సీసాలలో నింపి, బిరడా బిగించి, మరుగునీటిలో ఉంచు పద్ధతిని సాధించి, 1810లో ఆ బహుమానమును అందుకొనెను. అదే సంవత్సరము ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ అనునతడు, తగరము పూసిన ఇనుపరేకు డబ్బాలలో కూడ ఆహారమును నిలువచేయు పద్ధతికి పేటెంటు పొందెను. కళాయి లేని ఇత్తడిగిన్నెలో పులుసు కాచినచో కిలుమెక్కునని తెలుగు గృహిణి ఎరుగును. రేకుపై తగరపు పూత ఆ కళాయి వంటిదే. ఇనుమును ఆహారములోని ఆమ్లములనుండి అది వేరుచేయును.

బీరులోని రెండు చిక్కులు

బార్లీగింజలను మొలకెత్తించి, ఆరబెట్టి, నలుగగొట్టి, వేడినీటిలో నానబెట్టినచో వానిలోని పిండి చక్కెరగా మారును. ఆ నీటిని వడగట్టి, హాప్సు అను తీగజాతి మొక్క పూవులను చేర్చి మరిగింతురు. చేదును, సువాసనను ఇచ్చునవి ఆ పూవులే. చల్లారిన పిమ్మట యీస్టు అను శిలీంధ్రమును కలుపుదురు. యీస్టు చక్కెరను విడగొట్టి, ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును తయారుచేయును. తాటికల్లు నురుగెత్తుటకును, ఇడ్లీపిండి పొంగుటకును కారణమైన వాయువు ఇదియే.

మొదటి చిక్కు ఈ వాయువే. బీరులో కరిగియున్న వాయువు సదా బయటకు రాజూచును. గోలీసోడా సీసాలో గోలీని మూతికి అదిమిపట్టి యుంచునది లోపలి వాయుపీడనమే కదా! సోడాసీసా గాజు అంత మందముగా నుండుటకు కారణమదియే. దీనికితోడు ఇంకొక సంగతి కలదు. లూయీ పాశ్చరు బీరును గురించి 1876లో ఒక గ్రంథము ప్రకటించెను. బీరు చెడుటకు సూక్ష్మజీవులే కారణమని అందు నిరూపించెను. ఇంచుమించు 60 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడిచేసి కొంతసేపు ఉంచినచో ఆ జీవులు నశించును. బీరు చాలకాలము నిలువయుండును. కాని ద్రవము వేడెక్కినకొలది అందులో వాయువు కరిగియుండగల శక్తి తగ్గును. మూసిన డబ్బాను వేడిచేయగా వాయువు వెలువడి గోడలను నెట్టును. మామూలు ఆహారపు డబ్బా చదరపు అంగుళమునకు 25 మొదలు 35 పౌనుల పీడనమునకు తట్టుకొనును. ఇది సాధారణమైన కారు చక్రములోని గాలి పీడనమునకు ఇంచుమించు సమానము. బీరు డబ్బా పాశ్చరీకరణ సమయమున 80 పౌనుల వరకు తట్టుకొనవలెను. 1909 నాటి డబ్బాల అతుకులు ఆ ఒత్తిడికి ఆగలేదు.

రెండవ చిక్కు రుచికి సంబంధించినది. బీరు కొంచెము ఆమ్లగుణము కలది. తగరపు పూతలో ఎచ్చటనైన సూదిమొనంత లోపమున్నచో ఇనుము బీరులో కరుగును. లేశమాత్రమైన ఇనుము చేరినను బీరు మసకబారును; ఇనుపరుచి పుట్టును. తగరముకూడ బీరుకు పూర్తిగా హితమైనది కాదు. కళాయికి పైన మరొక పూత కావలసివచ్చినది.

రిచ్‌మండు నగరములో పరీక్ష

1920లో అమెరికాలో మద్యనిషేధము అమలులోకి వచ్చుటతో ఈ ప్రయత్నము కొంతకాలము మూలబడినది. 1933లో నిషేధము తొలగునాటికి అమెరికన్ క్యాన్ కంపెనీవారు మరల పరిశోధన సాగించి, అతుకులను బలపరచి, డబ్బా లోపలి గోడకు బీరు తాకినను మార్పు చెందని పూతను కనుగొనిరి. కాని డబ్బాలో బీరు పోయుటకు ఏ కార్ఖానా ముందుకు రాలేదు. ప్రజలు రేకుడబ్బాలోని బీరును నమ్ముదురా అని అందరికిని భయమే.

న్యూయార్కు నగరమునకు చేరువగా న్యూజెర్సీ రాష్ట్రములో న్యూఅర్కు అను వేరొక నగరము కలదు. అక్కడి క్రూగర్ కార్ఖానావారితో కంపెనీ ఒక ఒప్పందము చేసికొన్నది. యంత్రములను కంపెనీయే అమర్చును. ప్రయత్నము విఫలమైనచో కార్ఖానా ఏమియు చెల్లింపనక్కరలేదు. 1933లో 2,000 డబ్బాలను నింపి, తమ బీరును అలవాటుగా త్రాగువారికి పంచి అభిప్రాయమడిగిరి. నూటికి 91 మంది మెచ్చుకొనిరి. 1935 జనవరి 24వ తేదీన వర్జీనియాలోని రిచ్‌మండు నగరమున డబ్బా బీరు తొలిసారి అంగడిలో అమ్మకమునకు వచ్చినది. దూరపు ఊరిని ఎన్నుకొనుటలో ఒక ముందుజాగ్రత్త యున్నది. సరకు అమ్ముడుపోనిచో సొంత ఊరిలో పేరు చెడదు! కాని అట్టి అవసరము కలుగలేదు. ఆ ఏడు ముగియులోగా 37 అమెరికా కార్ఖానాలు డబ్బాల బాట పట్టినవి.

అదే ఏడు డిసెంబరులో బ్రిటనులోని వేల్సు ప్రాంతమున ఫెలిన్‌వోల్ అను చిన్న కార్ఖానా డబ్బాలో బీరు నింపినది. ఆ కార్ఖానా తగరపు రేకు పరిశ్రమకు పేరొందిన లనేలీ పట్టణమునకు దాపున ఉన్నది. ఆర్థికమాంద్యమువలన ఆ దినములలో రేకు మిల్లులకు పని తక్కువై కార్మికులు ఇబ్బంది పడుచుండిరి. బీరుకు డబ్బా కావలసివచ్చినచో రేకుకు గిరాకీ పెరుగును, మిల్లు నడచును, ఇంట పొయ్యి వెలుగును. ఆ పట్టణమున డబ్బా బీరు వార్త త్రాగుబోతులకంటె పనివారికే ఎక్కువ ఆశ కలిగించినది.

మూత తెరచుట ఎట్లు?

మొదటి డబ్బాలు బరువైన ఉక్కురేకువి. మూతకు రంధ్రము పొడుచుటకు ప్రత్యేకమైన పనిముట్టు కావలెను. 1959 జనవరిలో కొలరాడోలోని కూర్స్ కార్ఖానా అల్యూమినియపు డబ్బాను ప్రవేశపెట్టినది. ఖాళీడబ్బా తిరిగి తెచ్చినవారికి ఒక సెంటు చొప్పున ఇచ్చెదమనియు ప్రకటించినది. ఖనిజమునుండి క్రొత్తగా అల్యూమినియము తీయుటకు పట్టు శక్తిలో, పాత డబ్బాను కరిగించి వాడినచో నూటికి 95 పాళ్లు మిగులును. ఆ సెంటు వెనుక ఈ లెక్క యున్నది.

అదే 1959లో ఒహాయో రాష్ట్రపు ఎర్మల్ ఫ్రేజ్ అను ఇంజనీరు వనభోజనమునకు పోయి, పనిముట్టు మరచిపోయి, చివరకు కారు బంపరుకు ఆనించి డబ్బా తెరువవలసివచ్చెను. ఆ విసుగులోనుండి ఒక ఆలోచన పుట్టినది. మూతకే ఒక రింగును రివెట్టుతో బిగించి, లాగినచో రేకు చీలివచ్చునట్లు ఆయన చేసెను. 1963లో పేటెంటు లభించినది. సౌకర్యము గొప్పదే, కాని ఊడివచ్చిన రింగు ఎక్కడ పడవేయవలెను? సముద్రపుటొడ్డులు, తోటలు, మైదానములు పదునైన రింగులతో నిండిపోయినవి. పాదములు తెగినవి. రింగును డబ్బాలోనే పడవేసి, మరచి మ్రింగినవారును కలరు. ఓరెగాన్ రాష్ట్రము 1971లో చేసిన శాసనమున ఊడివచ్చు రింగులను నిషేధించినది. 1975లో డేనియల్ కజిక్ రూపొందించిన, మూతకే అంటుకొనియుండు తెరపు వాడుకలోకి వచ్చినది. నేడు ప్రపంచమంతట కనుపించునది ఇదియే. ఒక సౌకర్యము తెచ్చిన కీడును తొలగించుటకు పన్నెండేండ్లు పట్టినదన్నమాట!

చిన్న కార్ఖానాలు, డబ్బాలు

1970ల చివరినుండి అమెరికాలో పెద్ద కంపెనీల ఒకేరుచి బీరుతో విసిగినవారు చిన్న కార్ఖానాలు పెట్టి, తక్కువ మొత్తములలో శ్రద్ధగా బీరు చేయసాగిరి. దీనికే క్రాఫ్టు బీరని పేరు. వారు చాలకాలము సీసాలనే వాడిరి. డబ్బా అనగా చవుకసరకని లోకము భావించుచుండెను. 2002లో కొలరాడోలోని లయన్స్ అను చిన్న ఊరిలో ఆస్కార్ బ్లూస్ కార్ఖానావారు బల్లపై పట్టు చిన్న యంత్రముతో, చేతితో డబ్బాలు నింపి అమ్మసాగిరి. మొదట నవ్వినవారే తరువాత అనుసరించిరి. శాస్త్రము డబ్బా పక్షమున ఉండుటయే దీనికి ముఖ్యకారణము.

బీరుకు ఇద్దరు శత్రువులు కలరు: వెలుతురు, ఆమ్లజని. బీరులో స్వల్పముగానున్న రైబోఫ్లేవిను అను విటమిను వెలుతురులోని శక్తిని గ్రహించి, హాప్సు చేదునిచ్చు అణువులను చీల్చుటకు కారణమగును. ఆ ముక్కలు గంధకముతో కలిసి ఒక దుర్వాసన పదార్థమగును. లక్షకోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నను ముక్కు దానిని పసిగట్టును. తెల్లగాజు, పచ్చగాజు ఈ వెలుతురును ఆపజాలవు. గోధుమరంగు గాజు చాలవరకు ఆపును. లోహము పూర్తిగా ఆపును. ఆమ్లజని విషయము వేరు. అది తగిలిన బీరు కొన్నాళ్లకు పాతకాగితపు వాసన కొట్టును. డబ్బా మూత అంచును గోడ అంచుతో కలిపి రెండుమడతలుగా చుట్టి బిగింతురు గనుక గాలి లోనికి పోదు. కాని నింపునప్పుడే గాలి చేరినచో డబ్బా ఏమి చేయగలదు? నేర్పుగల కార్ఖానాలు నింపుటకు ముందు డబ్బాలోని గాలిని బొగ్గుపులుసు వాయువుతో వెళ్లగొట్టును.

మంచి డబ్బాను గుర్తించుట

ఈ చరిత్ర తెలిసినవానికి ఎంపిక కష్టము కాదు. మొదట డబ్బా అడుగున అచ్చువేసిన తేదీని చూడవలెను. హాప్సు సువాసన ముఖ్యమైన బీరు రెండు మూడు నెలలలోనే తన గుణమును కోల్పోవును. రెండవది, అది చల్లనిచోట నిలువయున్నదా అని విచారింపవలెను. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో రసాయనక్రియల వేగము ఇంచుమించు రెండింతలగునని ఉన్నత పాఠశాలలో చదువుకొన్నదే. చిన్న కార్ఖానాల బీరు చాలవరకు పాశ్చరీకరణము లేనిది గనుక ఈ జాగ్రత్త మరింత అవసరము. మూడవది, మూత అంచున సొట్టపడిన డబ్బాను, ఉబ్బిన డబ్బాను విడిచిపెట్టవలెను. మొదటిదానిలో అతుకు వదలియుండవచ్చును. రెండవదానిలో సూక్ష్మజీవులు మరల పనిచేయుచుండవచ్చును.

నాలుగవది లెక్కకు సంబంధించినది. 355 మిల్లీలీటర్ల డబ్బాలో నూటికి 4½ పాళ్ల ఆల్కహాలున్నచో మొత్తము 16 మిల్లీలీటర్లగును. 9 పాళ్లున్నచో 32. ఒక డబ్బా రెండు డబ్బాలకు సమానమగుచున్నది! పైగా ఆల్కహాలు మూత్రమును పెంచి దేహములోని నీటిని తగ్గించును. ఎండలో దినమంతయు కూర్చుండువారు తేలికయైనదానిని, అదియు కొద్దిగా, మంచినీటితో పాటు తీసికొనుట తెలివి. తిరుగుప్రయాణమున కారు నడుపువాడు అసలే ముట్టరాదు.

ఇండియానాపొలిస్ పందెములో ఒక విశేషము కలదు. 1936లో గెలిచిన లూయీ మేయర్ దాహము తీర్చుకొనుటకు మజ్జిగ అడిగి త్రాగెను. అప్పటినుండి పుట్టిన ఆచారము ప్రకారము నేటికిని విజేతకు ఇచ్చునది పాలు. ప్రేక్షకులకు గాజు నిషిద్ధమైన ఆ మైదానములోనికి, ఆ పాలకొరకు మాత్రము ఒక గాజుసీసా సగౌరవముగా ప్రవేశించును. మెట్లపై డబ్బా పట్టుకొన్న ప్రేక్షకుడును, బాటపై పాలసీసా ఎత్తిన విజేతయు పాశ్చరునకు సమానముగా ఋణపడియున్నారు. గంటకు 200 మైళ్లకు మించిన వేగముతో చక్రము త్రిప్పవలసినవాని చేతికి మాత్రము పాలసీసాయే తగును.