మిక్కీ యెలుక ధీరలలితుఁడా?

పిల్లల బొమ్మలను గూర్చి యింత విచారమేల యని కొందఱనవచ్చును. పిల్లలు మెచ్చినవానినే యనుకరింతురు గావున విచారింపవలసినదే యని మా యభిప్రాయము.

ధనంజయుఁడు పదవ శతాబ్దమున రచించిన దశరూపకమునందు నాయకులు నాలుగు తెఱఁగులవారు. వారిలో ధీరలలితుఁడు నిశ్చింతుఁడు, కళాసక్తుఁడు, సుఖి, మృదుస్వభావుఁడు. ధైర్యము మాత్రము నలువురకును సమానము.

అమెరికాలో వాల్ట్ డిస్నీ, అబ్ ఐవర్క్స్ సృజించిన మిక్కీ యెలుక 1928 నవంబరు 18వ తేదీని న్యూయార్కున 'స్టీంబోట్ విల్లీ' చిత్రముతో ప్రసిద్ధి కెక్కెను. ఈలవేయుచు చుక్కాని త్రిప్పు నీ యెలుకకుఁ జింత లేదు, సంగీతమన్నఁ బ్రాణము. మూఁడు లక్షణములు కుదిరినవి. కాని యది పిల్లి తోఁక లాగి, బాతును నొక్కి, ఆవు పండ్లపైఁ గొట్టి పాట పలికించును. పరుల బాధయే వాద్యమైనచోట మృదుత్వ మెక్కడిది?

1938లో వెలువడిన 'బ్రేవ్ లిటిల్ టైలర్' నందు మిక్కీ దర్జీ. ఒక్క దెబ్బకు ఏడు ఈఁగలను జంపితినన్న మాటను జనులు ఏడుగురు రాక్షసులని భ్రమించి, నిజమైన రాక్షసునిపైకిఁ బంపిరి. భయపడుచునే పోయి, తన వృత్తికిఁ జెందిన సూదిదారములతోనే వానిని బంధించెను.

మొదటి చిత్రమున దుర్బలులతో నాట. రెండవదానఁ బ్రబలునితోఁ బోరు. ఉల్లాసము రెంటను గలదు. ధీరశబ్దము రెండవదానికే చెల్లును. మన యిండ్లలోఁ బిల్లలు నవ్వునపుడు, ఎవరి బాధను జూచి నవ్వుచున్నారో తల్లిదండ్రులు గమనింతురుగాక!