లెక్కల పుస్తకం ఎవరి చేతిలో?

రిజిస్ట్రేషన్, తీర్మానాల పుస్తకం, ఆడిట్ - ఈ మాటలు వింటేనే మన కార్యకర్తలకు విసుగు. ఇవన్నీ ఆఫీసు కాగితాలు, ఉద్యమానికీ వీటికీ ఏం సంబంధమని అడిగేవాళ్ళు మనలో చాలామందే వున్నారు. సంబంధం వుందనే మేం అంటున్నాం. దళితుల చరిత్రలో సంఘం నడపడం ఏనాడూ ఉత్త గుమాస్తా పని కాదు. కమిటీలో ఎవరు కూర్చోవాలి, లెక్క ఎవరు చూడాలి అన్నది అధికారానికి సంబంధించిన ప్రశ్న.

సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 1860లో వచ్చింది. తెల్లదొరలు చేసిన చట్టమే, సందేహం లేదు. కాని అందులో ఏముందో చూద్దాం. ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. సంఘం పేరు, ఆశయాలు, నడిపేవాళ్ళ పేర్లు రాసివ్వాలి. ఏటా కార్యవర్గం జాబితా పంపాలి. రూపాయి రుసుం కడితే ఆ కాగితాలు ఎవరైనా చూడొచ్చు. సంఘం రద్దయితే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోడానికి వీల్లేదు, మరో సంఘానికి పోవాలి. అంటే సంఘం సొత్తు ఎవడబ్బ సొమ్మూ కాదన్నమాట. ఆ ఏడుగురిదీ ఏ కులమని చట్టం అడగలేదు. వూరి బావి దగ్గరికి రానివ్వని సమాజంలో ఇది చిన్న సంగతేం కాదు.

ఈ చట్టాన్ని అంబేడ్కర్ చేతిలోకి తీసుకున్నారు. 1924 జూలైలో బొంబాయిలో బహిష్కృత హితకారిణీ సభ పెట్టి, 1860 చట్టం కింద రిజిస్టరు చేయించారు. అధ్యక్షుడు సర్ చిమన్‌లాల్ సెతల్వాడ్, సవర్ణుడు. కాని పని నడిపే కార్యవర్గానికి అధ్యక్షుడు అంబేడ్కరే. కార్యదర్శీ, కోశాధికారీ అంటరాని కులాలవాళ్ళే. పెద్దమనుషుల పేర్లు పైన వున్నా పగ్గాలు మనవాళ్ళ చేతిలోనే పెట్టారు. 1925 జనవరిలో షోలాపూర్‌లో హాస్టల్ తెరిచారు. ఆ మార్చి నెలాఖరు దాకా జరిగిన పనికి వార్షిక నివేదిక వేశారు. చందా యిచ్చినవాడికి లెక్క చెప్పడం వాళ్ళు మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టారు.

1932లో కథ తిరగబడింది. పూనా ఒడంబడిక తర్వాత పుట్టిన అస్పృశ్యతా నివారణ సంఘం హరిజన సేవక సంఘంగా మారింది. అధ్యక్షుడు బిర్లా, కార్యదర్శి ఠక్కర్. మొదట్లో కేంద్ర బోర్డులో అంబేడ్కర్ కూడా వున్నారు. ఆ నవంబరులో లండన్ వెళ్తూ ఓడ మీంచి ఠక్కర్‌కు వుత్తరం రాశారు. బావుల దగ్గర, బడుల దగ్గర పౌరహక్కుల కోసం పోరాడాలనీ, పనిచేసేవాళ్ళను అంటరాని కులాల నుంచే తీసుకోవాలనీ కోరారు. ఆ సలహా చెల్లలేదు. తర్వాత ఆయన బోర్డులోంచి తప్పుకున్నారు. కార్యవర్గంలో మాకూ చోటివ్వండని మనవాళ్ళు అడిగితే గాంధీ చెప్పిన జవాబు యిది: ఇది హిందువులు చేసుకునే ప్రాయశ్చిత్తం, కాబట్టి వాళ్ళే నడపాలి. మన పేరున చందా, మన వాడల్లో పని, లెక్క మాత్రం వాళ్ళ దగ్గర!

1945లో అచ్చయిన 'కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్ళకు చేసిందేమిటి' అన్న పుస్తకంలో అంబేడ్కర్ ఈ సంఘం జమాఖర్చుల్నే విప్పి పరిశీలించారు. ఆడిటు అన్నది పైవాడు మనమీద చేసేదే కాదు, మనం పైవాడిమీద చేయగలిగేది కూడా అని అక్కడ తెలుస్తుంది. అదే ఏడాది జూలై 8న పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కళాశాల మొదలైంది.

మన దగ్గరికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో కొత్త సొసైటీల చట్టం వచ్చింది. ఇప్పటికీ ఏడుగురు కావాలి, ఏటా కార్యవర్గం జాబితా పంపాలి. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి, వచ్చిన సొమ్ము మరో సంఘానికి బదిలీ చేయకూడదన్నారు. పెద్ద సంస్థల ద్వారా నిధులందుకునే చిన్న సంఘాలకు ఆ దారి మూసుకుపోయింది. చట్టం కొన్నిసార్లు చేతికర్ర, కొన్నిసార్లు మెడమీద కత్తి. ఈ సంగతి దాచి, రూల్సు పాటిస్తే చాలని చెప్పడం మోసం.

అయితే మన లోపాల మాటేమిటి? వాడవాడకీ అంబేడ్కర్ సంఘం వుంది. తీర్మానాల పుస్తకం ఎన్నింటికి వుంది? భార్యాభర్తలూ బావమరుదులూ కార్యవర్గమైన సంఘాలు లేవా? సర్వసభ్య సమావేశం పెట్టకుండానే సంతకాలు చేయించడం లేదా? ఇలాంటి సంఘాన్ని మూయించడానికి శత్రువు పెద్దగా కష్టపడనక్కర్లేదు, ఒక్క నోటీసు చాలు. చందా యిచ్చిన కూలితల్లి లెక్క అడిగితే కసురుకునే నాయకుడికీ, 1932 నాటి బోర్డుకూ తేడా ఏముంది?

కాబట్టి మేం చెప్పేదింతే. ప్రతి మీటింగుకూ తీర్మానం రాయండి, వచ్చినవాళ్ళ చేత సంతకాలో వేలిముద్రలో వేయించండి. ప్రతి రూపాయికీ రసీదివ్వండి. ఏటా లెక్కలు వాడ నడుమ అందరి ముందూ పైకి చదవండి. రిజిస్ట్రారుకు పంపేది ఆ తర్వాత. రేపు మన చరిత్ర రాసేవాళ్ళకు మిగిలేది కూడా ఆ పుస్తకాలే. మన చరిత్రను మనకోసం ఇంకెవరో రాసిపెట్టిన దాఖలా లేదు.