రచనా నైపుణ్య వికాస పరిశోధన

కళాశాల విద్యార్థులు, ఉద్యోగులు రాయడంలో నేర్పు ఎలా సంపాదిస్తారో పరిశీలించే అధ్యయన రంగం. ఇది 1970ల నుంచి ప్రధానంగా అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఎదిగింది.

తొలి అధ్యయనాలు: న్యూయార్క్ సిటీ కాలేజీలో కొత్తగా చేరినవారు రాసిన సుమారు 4,000 వ్యాసాలను మినా షాఘ్నెసీ పరిశీలించారు. విద్యార్థుల తప్పుల వెనక వారిదైన తర్కం ఉంటుందని 1977లో వెలువరించిన ‘ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్’లో వివరించారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా ఫ్లవర్, జాన్ హేస్ రాసేవారి చేత మనసులో మెదిలేదంతా పైకి చెప్పించి రికార్డు చేశారు. ఆలోచించడం, రాయడం, సరిచూసుకోవడం పదేపదే కలగలిసి సాగుతాయని 1981లో ప్రతిపాదించారు.

దిద్దుబాటు: నాన్సీ సోమర్స్ 1980లో 20 మంది విద్యార్థులను, 20 మంది అనుభవజ్ఞులను పోల్చారు. ఒక్కొక్కరూ మూడు వ్యాసాలు రాసి, ప్రతిదాన్నీ రెండుసార్లు తిరగరాశారు. విద్యార్థులు ఎక్కువగా మాటలు మార్చారు. అనుభవజ్ఞులు పాఠకుణ్ని దృష్టిలో పెట్టుకొని వాదన స్వరూపాన్నే మార్చారు.

దీర్ఘకాలిక పరిశీలన: హార్వర్డ్‌లో 1997లో చేరినవారిలో 400 మందికి పైగా విద్యార్థులను సోమర్స్ బృందం నాలుగేళ్లు గమనించింది. తాము ఇంకా నేర్చుకునే దశలోనే ఉన్నామని ఒప్పుకున్నవారు బాగా ముందుకు వెళ్లారు.

ఉద్యోగ రంగం: చదువులో అబ్బిన నేర్పు కార్యాలయపు రాతకోతల్లోకి దానంతటదే బదిలీ కాదని ఆన్ బోఫర్ట్ 1999 నాటి గ్రంథం తెలిపింది. పరిణత రచనా నైపుణ్యానికి కనీసం రెండు దశాబ్దాల సాధన కావాలని మనస్తత్వవేత్త రోనాల్డ్ కెలాగ్ 2008లో అంచనా వేశారు.