పారిపోయినవారు తెరిచిన ప్రశ్న: అమెరికా బానిసత్వం, అంతర్యుద్ధం

1873లో మహాత్మా జోతిరావు ఫూలే తమ 'గులాంగిరి' గ్రంథాన్ని నల్లజాతివారి బానిసత్వాన్ని రూపుమాపిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. ఇది మన పాఠకులలో చాలామందికి తెలిసిన విషయమే. అయితే ఆ విముక్తికి ముందు ఎంతటి కలహం నడిచిందో మన సభలలో అంతగా ప్రస్తావనకు రాదు. తెల్లవారు ఒకనాడు మనసు మార్చుకొని సంకెళ్లు తెంచారన్న భావం మనలో కొందరికి ఉంది. జరిగింది అది కాదు.

1787లో రచించిన అమెరికా రాజ్యాంగంలో 'బానిస' అన్న మాట ఎక్కడా కనిపించదు. మాట లేదు గాని వ్యవస్థ ఉంది. ప్రతినిధుల సభలో స్థానాలను నిర్ణయించడానికి ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించారు. ఓటు మాత్రం యజమానిది. ఒక రాష్ట్రం నుండి పారిపోయినవాడిని మరొక రాష్ట్రం తిరిగి అప్పగించాలన్నారు. 1808 వరకు బానిసల దిగుమతిని నిషేధించరాదన్నారు. పేరు చెప్పడానికి సిగ్గుపడిన పెద్దలు దానిని కాపాడడానికి సిగ్గుపడలేదు.

ఈ దురాచారం కాలక్రమంలో తనంతట తానే అంతరిస్తుందని వారిలో కొందరు ఆశించారు. 1793లో ఎలీ విట్నీ నిర్మించిన పత్తి గింజలు తీసే యంత్రం ఆ ఆశను వమ్ము చేసింది. పత్తి లాభసాటి పంటయింది. పత్తితోపాటు మనుషుల ధరా పెరిగింది. 1790లో దాదాపు 7 లక్షలున్న బానిసల సంఖ్య 1860 నాటికి 40 లక్షలకు చేరువైంది. పడమటి భూములు దేశంలో చేరిన ప్రతిసారీ అవి ఎవరి పాలవుతాయన్న తగవు లేచింది. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకొని, మిగిలిన లూసియానా భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం వద్ద గీత గీశారు. ఆ బేరసారాలలో బానిసను అడిగినవారు లేరు.

బానిసను బంధించిన చట్టం క్రమంగా స్వతంత్రుడి నోటిని కూడా కట్టివేసింది. బానిసత్వ నిర్మూలనను కోరుతూ వచ్చే వినతిపత్రాలను చర్చకు తీసుకోరాదని ప్రతినిధుల సభ 1836లో తీర్మానించింది. ఆ కట్టడి 1844 దాకా సాగింది. 1837లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఆల్టన్‌లో తన ముద్రణాలయాన్ని కాపాడుకోబోయిన ఎలైజా లవ్‌జాయ్ అనే సంపాదకుడిని అల్లరిమూక కాల్చి చంపింది. దక్షిణాదిన పలు రాష్ట్రాలు బానిసలకు అక్షరాలు నేర్పడాన్ని నేరంగా ప్రకటించాయి. బాల్టిమోర్‌లో బాలుడైన ఫ్రెడరిక్ డగ్లస్‌కు యజమానురాలు అక్షరాలు దిద్దిస్తుంటే, చదువు వస్తే బానిస పనికిరాకుండా పోతాడని ఆమె భర్త ఆపివేశాడు. విముక్తికి దారి ఎటున్నదో ఆ మాటతోనే తనకు బోధపడిందని డగ్లస్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. చదువును ఎందుకు నిరాకరిస్తారో మనకు వేరొకరు వివరించనక్కరలేదు.

ఈ కథకు కీలకం 1850 నాటి పరారీ బానిసల చట్టం. దాని ప్రకారం పట్టుబడినవాడికి జ్యూరీ విచారణ లేదు. తన పక్షాన తాను సాక్ష్యం చెప్పుకొనే హక్కు లేదు. అతడిని యజమానికి అప్పగిస్తే కమిషనర్‌కు 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు రుసుము. పట్టుకోవడానికి సహకరించమని సామాన్య పౌరుడిని సైతం ఆదేశించవచ్చు. 1854లో వర్జీనియా నుండి తప్పించుకున్న ఆంథొనీ బర్న్స్ బోస్టన్‌లో చిక్కాడు. జనం న్యాయస్థానం తలుపులు బద్దలుకొట్టబోగా ఒక కాపలాదారు మరణించాడు. చివరకు జూన్ 2న, వీధుల వెంట సైనికులు బారులు తీరగా, నల్లబట్టలు వేలాడుతున్న మేడల మధ్యగా అతడిని ఓడ వద్దకు నడిపించారు. అంతవరకు బానిసత్వం ఎక్కడో దూరాన ఉన్న పాపమని సరిపెట్టుకున్న ఉత్తరాది గృహస్థులకు అది తమ గుమ్మంలోకే వచ్చి నిలిచింది.

అదే ఏడు కాన్సాస్, నెబ్రాస్కా చట్టం 1820 నాటి గీతను చెరిపివేసింది. కాన్సాస్‌లో రక్తం పారింది. 1856 మే నెలలో సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను సభామందిరంలోనే చేతికర్రతో స్పృహ తప్పేదాకా కొట్టారు. 1857లో డ్రెడ్ స్కాట్ వ్యాజ్యంలో నల్లవారు పౌరులే కారని సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1859లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంపై దాడి చేసిన జాన్ బ్రౌన్ ఉరికంబమెక్కాడు. మరుసటి ఏడు లింకన్ గెలిచాడు. బానిసత్వ విస్తరణను ఆపుతానన్నాడే తప్ప, ఉన్నచోట దానిని తొలగిస్తానని ఆయన అనలేదు. ఆ మాత్రానికే డిసెంబరు 20న దక్షిణ కరోలినా విడిపోయింది.

ఆ యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసం జరిగిందని ఇప్పటికీ వాదించేవారున్నారు. పరారీలను అప్పగించకుండా తమ చట్టాలతో అడ్డుకున్న ఉత్తరాది రాష్ట్రాలను దక్షిణ కరోలినా తన ప్రకటనలో పేరుపేరునా నిందించింది. అంటే ఆమె ఫిర్యాదు రాష్ట్రాలు హక్కులు వినియోగించుకున్నాయన్నదే. కొత్త సమాఖ్య ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో దాపరికం లేకుండా, తమ ప్రభుత్వానికి మూలరాయి నల్లవాడు తెల్లవాడికి సమానుడు కాడన్న సూత్రమేనని ప్రకటించాడు. ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్‌పై ఫిరంగులు పేలాయి.

మే 23 రాత్రి వర్జీనియాలో ముగ్గురు బానిసలు పడవపై ప్రభుత్వ సైన్యం అధీనంలోని మన్రో కోటకు చేరారు. మరునాడు సమాఖ్య అధికారి ఒకడు వచ్చి, 1850 నాటి చట్టం ప్రకారం వారిని అప్పగించమన్నాడు. సేనాధిపతి బట్లర్ వృత్తిరీత్యా న్యాయవాది. మీది పరదేశమని మీరే ప్రకటించుకున్నారు, పరదేశానికి మా చట్టంతో పనిలేదని బదులిచ్చి, వారిని యుద్ధంలో స్వాధీనం చేసుకున్న ఆస్తిగా అట్టిపెట్టుకున్నాడు. వారు ఇంకా ఆస్తులే, స్వతంత్రులు కారు. అయినా ఈ కబురు తోటలలో పాకింది. జూలై ముగిసేనాటికి స్త్రీలు, పిల్లలు, వృద్ధులతో కలిపి దాదాపు 900 మంది ఆ కోటలో ఉన్నారు. విముక్తి ప్రకటనపై లింకన్ సంతకం చేయడానికి అప్పటికింకా పదిహేడు నెలలుంది.